ముప్పై మిల్లీలీటర్ల నీరు

బుడమేరు వాగు ఎక్కడ పొంగినా ఆ నీరు చివరికి కొల్లేటి సరస్సుకే చేరాలి. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కురిసిన వానకు గట్లు తెగి విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచిన నీరు, తర్వాతి రోజుల్లో మెల్లగా తూర్పుకు జరిగి కొల్లేటిని నింపింది. కొల్లేరు నిండితే ఏలూరు–కైకలూరు రోడ్డుకు గండం. చిన ఎడ్లగాడి దగ్గర నీరు రోడ్డెక్కుతుంది, పోలీసులు అడ్డుగా బారికేడ్లు పెడతారు, ప్రయాణికులు ఊళ్లన్నీ చుట్టి వెళతారు. ఆ సెప్టెంబరులోనూ అంతే జరిగింది.

రోడ్డు మూసేయడానికి ముందు ఒక గంట ఉంటుంది. ప్రమాదమంతా ఆ గంటలోనే. మోకాలి కింద దాకా నీరు, వెనక నుంచి హారన్లు. ముందు లారీ దాటిపోయింది, దాని వెనక ఆర్టీసీ బస్సూ దాటిపోయింది. మనమూ పోవచ్చు అనుకుంటాడు కారులో ఉన్నవాడు. సగం దూరం బాగానే సాగుతుంది. ఇంతలో ఎదురుగా వచ్చిన లారీ తోసిన అల బానెట్ మీదికి ఎక్కుతుంది. ఇంజన్ ఒక్కసారి ఉలిక్కిపడి ఆగిపోతుంది. అతను తాళం తిప్పుతాడు. ‘టక్’మని ఒక చప్పుడు, ఆపైన నిశ్శబ్దం. మళ్లీ తిప్పుతాడు.

ఆ ‘టక్’ ఏమిటో అర్థమైతే నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజన్ సగం అర్థమైనట్టే. పెట్రోలు ఇంజన్ జబ్బుల పేర్లు ఢిల్లీలోనైనా దెందులూరులోనైనా ఒకటే. కానీ ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకల మధ్య తిరిగే కారు రోగాలను ఒక్కొక్కటే విప్పి చూస్తే అడుగున చాలాసార్లు కనిపించేది నీరే. రోడ్డు మీది వరద నీరు, రేడియేటర్‌లో పోసిన బోరు నీరు, గాలిలో తేమ, ట్యాంకు అడుగున చేరిన నీరు, చివరికి పెట్రోలు మండినప్పుడు దాని నుంచే పుట్టే నీరు. నిప్పుతో నడిచే యంత్రానికి ఈ సీమలో బతుకంతా నీటితోనే సావాసం.

కొలతలతో మొదలుపెట్టాలి. ఈ జిల్లాల రోడ్ల మీద ఎక్కువగా కనిపించే ఇంజన్లలో మారుతి సుజుకి వారి 1197 సీసీ కె-సిరీస్ ఒకటి. 2009లో రిట్జ్‌తో వచ్చి, స్విఫ్ట్, డిజైర్, బాలెనో, వ్యాగన్ఆర్‌లలోకి పాకింది. కారు పుస్తకంలో దాని వివరాలు ఇలా ఉంటాయి: బోరు 73, స్ట్రోకు 71.5 మిల్లీమీటర్లు. ‘డ్యూయల్‌జెట్’ అని పేరు పెట్టిన తర్వాతి రూపంలో కంప్రెషన్ నిష్పత్తి 12:1. గరిష్ఠ టార్క్ 113 న్యూటన్ మీటర్లు, నిమిషానికి 4400 చుట్ల దగ్గర. గరిష్ఠ శక్తి 66 కిలోవాట్లు, 6000 చుట్ల దగ్గర. అంటే దాదాపు 90 గుర్రాల బలం. కారు కొనేవాళ్లు ఆఖరి అంకెనూ మైలేజీనీ చూసి పుస్తకం మూసేస్తారు. అసలు కథ బోరు, స్ట్రోకు, కంప్రెషన్ అనే మూడు అంకెల్లో ఉంది.

బోరు అంటే సిలిండరు వెడల్పు. 73 మిల్లీమీటర్లంటే ఇంట్లో వాడే స్టీలు మంచినీళ్ల గ్లాసు మూతి అంత. స్ట్రోకు అంటే ఆ గ్లాసులో పిస్టన్ పైకీ కిందికీ తిరిగే దూరం. ఈ రెండింటితో లెక్క కడితే ఒక్కో సిలిండరు, పీల్చడానికి పిస్టన్ కిందికి దిగినప్పుడు, 299 సీసీల గాలి పీలుస్తుంది. నాలుగు కలిపితే 1197. పీల్చిన గాలిని పిస్టన్ పైకి నొక్కేటప్పుడు దానికి మిగిలే చోటు ఎంత అన్నది కంప్రెషన్ నిష్పత్తి చెబుతుంది. 11:1 ఇంజన్లో అది 30 మిల్లీలీటర్లు. 12:1 ఇంజన్లో 27. పిల్లల దగ్గుమందు సీసాకు వచ్చే పది మిల్లీలీటర్ల మూతతో మూడు మూతలు. గ్లాసుడు గాలి ఆ మూడు మూతల చోటులో ఇరుక్కున్నప్పుడు స్పార్క్ ప్లగ్గు నిప్పు రాజేస్తుంది.

పీల్చడం, నొక్కడం, పేలడం, వదలడం. 1876లో జర్మనీలో నికొలస్ ఒట్టో నడిపి చూపిన ఈ నాలుగడుగుల నడకే నేటికీ సాగుతోంది. ఈ నాలుగింటిలో పని ఇచ్చేది ఒక్క పేలుడే, మిగిలిన మూడూ ఖర్చే. ఒక్క సిలిండరే ఉంటే రెండు చుట్లకు ఒక్కసారి తోపు అందుతుంది, మధ్యలో ఇంజన్ తన బరువుతో తానే దొర్లాలి. నాలుగు ఉంటే ప్రతి అర చుట్టుకూ ఎవరో ఒకరు తోస్తూనే ఉంటారు. వెనకటి రోజుల్లో నలుగురు ఆడవాళ్లు ఒకే రోట్లో వంతులవారీగా రోకలిపోట్లు వేసి వడ్లు దంచేవారు. ఒకరి రోకలి దిగేసరికి ఇంకొకరిది పైన ఉండేది, రోలు ఖాళీగా ఉండేది కాదు, రోకళ్లు తగులుకునేవీ కావు. ఇంజన్లో ఆ వంతు 1-3-4-2. జాతీయ రహదారి మీద నిమిషానికి 3000 చుట్లతో పోతున్న కారులో సెకనుకు నూరు పోట్లు పడతాయి. చెవికి నూరూ ఒకే గుంయ్‌మనే శబ్దంగా వినిపిస్తాయి. వంతులో ఒక్కరు తప్పినా చెయ్యి తిరిగిన మెకానిక్ చెవి పట్టేస్తుంది. ‘మిస్సింగ్ కొడుతోంది’ అంటాడు.

ఇప్పుడు మళ్లీ ఎడ్లగాడి దగ్గరి నీళ్లలోకి వెళ్లాలి.

1197 సీసీ ఇంజన్ 3000 చుట్ల దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి ఉంచితే, లెక్క ప్రకారం నిమిషానికి దాదాపు 1800 లీటర్ల గాలి అడుగుతుంది. అంత జోరుగా లాగే గొట్టం మూతి, చాలా కార్లలో ముందు గ్రిల్లు వెనకనో హెడ్‌లైటు పక్కనో ఉంటుంది. నిలకడగా ఉన్న మోకాలి లోతు నీరు దానికి అందకపోవచ్చు. కానీ కదిలే కారు తన ముందు తానే అలను లేపుకుంటుంది, ఎదురొచ్చే లారీ ఇంకో అల జోడిస్తుంది. ఆ మూతి ఒక్క క్షణం మునిగితే చాలు, గాలి బదులు నీళ్లు లోపలికి పోతాయి. ఫిల్టరు కాగితం దుమ్మును ఆపుతుంది, నీటి ధారను ఆపలేదు.

గాలి నొక్కితే నొక్కుకుంటుంది, నీరు నొక్కుకోదు. పెట్రోలు మండేటప్పుడు సిలిండరులో పుట్టే పీడనం మామూలు గాలి పీడనానికి యాభై, అరవై రెట్లు. అంత పీడనంలోనూ నీటి పరిమాణం వెయ్యిలో మూడు వంతులకు మించి తగ్గదు. అందుకే ముప్పై మిల్లీలీటర్ల కంటే ఎక్కువ నీరు సిలిండరులో ఉన్నప్పుడు పిస్టన్ పైకి వస్తే, అది గోడను గుద్దుకున్నట్టే. పిస్టన్ ఆగిపోతుంది. పిస్టన్లు తిప్పే క్రాంక్‌షాఫ్ట్ మాత్రం తిరిగే ఊపులో ఉంటుంది. ఆ రెండింటి నడుమ ఇరుక్కునేది కనెక్టింగ్ రాడ్డు. అది వంగుతుంది. వేగం ఎక్కువైతే విరిగి బ్లాకు గోడను పొడుచుకుని బయటికి వస్తుంది. పుస్తకాల్లో దీని పేరు హైడ్రోస్టాటిక్ లాక్. షెడ్లలో ‘ఇంజన్ నీళ్లు తాగింది’ అంటారు, విషయమంతా ఆ మాటలోనే ఉంది.

తాళం తిప్పినప్పుడు వినిపించిన ‘టక్’, స్టార్టర్ మోటారు నీటి గోడను తాకి ఆగిన చప్పుడు. స్టార్టర్ బలం అంత పెద్దది కాదు కాబట్టి చాలాసార్లు ఆ మొదటి తిప్పుకే రాడ్డు వంగదు. రెండోసారీ మూడోసారీ తిప్పడంలో అసలు ముప్పు ఉంది. నీళ్లు లేని సిలిండర్లలో ఏదో ఒకటి అంటుకుంటే, అది పూర్తి బలంతో క్రాంకును తోస్తుంది. నీళ్లున్న సిలిండరు రాడ్డుకు అప్పుడిక తప్పించుకునే దారి లేదు. పది వేలలో పోయే పని లక్షకు చేరేది ఆ తాళం తిప్పడంతోనే. మామూలు సమగ్ర బీమా చాలావరకు ఈ నష్టాన్ని పర్యవసాన నష్టంగా లెక్కగట్టి పక్కన పెడుతుంది, ఇంజన్ రక్షణ అనే అదనపు పూచీ విడిగా తీసుకుంటేనే చెల్లిస్తుంది. ఏటా ఎర్రకాల్వ పొంగే తాడేపల్లిగూడెం పక్క ఊళ్లవాళ్లూ, తమ్మిలేరు గట్టు కింద కారు నిలిపే ఏలూరువాళ్లూ పాలసీ కాగితంలో ముందు వెతకాల్సిన మాట అది.

ఇక్కడ అంబాసిడర్ గుర్తొస్తుంది. ఒకప్పుడు ఏలూరు స్టాండులో, గూడెం సెంటర్లో టాక్సీ అంటే అదే. దాని బీఎంసీ బి-సిరీస్ ఇంజన్ కూడా నాలుగు సిలిండర్లదే: 1489 సీసీ, బోరు 73, స్ట్రోకు దాదాపు 89 మిల్లీమీటర్లు. బోరు వెడల్పు పైన చెప్పిన కె-సిరీస్ ఇంజన్‌దీ దానిదీ ఒకటే కావడం కాకతాళీయం. పరిమాణంలో పెద్దదైనా బలంలో నేటి ఇంజన్‌కు సగం దాటి కొంచెమే. నాటి పెట్రోలు నాసిరకం కాబట్టి కంప్రెషన్ నిష్పత్తి ఏడు చిల్లర దగ్గరే ఉంచారు. ఆ లెక్కన పిస్టన్ పైన మిగిలే చోటు సిలిండరుకు దాదాపు 60 మిల్లీలీటర్లు, నేటి దానికి రెట్టింపు. ఇంజన్ మెరుగుపడిన కొద్దీ నీటిని భరించే చోటు సగమైంది.

ఇంకో తేడా ఉంది, ఇది మరీ ముఖ్యం. అంబాసిడర్‌లో నిప్పు పంచేది డిస్ట్రిబ్యూటర్. బేకలైట్ మూత, బయటికి కనిపించే హెచ్‌టీ (అధిక వోల్టేజి) వైర్లు. నాలుగు చినుకులు ఎగిరి దాని మీద పడితే స్పార్క్ చచ్చి బండి నీళ్ల మొదట్లోనే ఆగిపోయేది. డ్రైవరు తిట్టుకుంటూ దిగి, మూత విప్పి, పొడిగుడ్డతో తుడిచి, మళ్లీ బయల్దేరేవాడు. ఆ బలహీనతే ఇంజన్‌ను కాపాడేది. లోతు నీళ్లకు చేరేలోపే ఆగిపోయిన ఇంజన్‌కు నీళ్లు తాగే అవకాశమే ఉండదు. నేటి ఇంజన్లో ఒక్కో ప్లగ్గు నెత్తి మీద ఒక్కో కాయిల్, చుట్టూ రబ్బరు సీలు. పైన నీళ్లు పోస్తున్నా అది నడుస్తూనే ఉంటుంది, గాలి గొట్టం మునిగే దాకా నడుస్తుంది. డ్రైవరుకు ధైర్యం ఇచ్చి చివరి గజంలో ముంచేది ఆ నమ్మకమే.

వరద ఏడాదికి నాలుగు రోజులు. రేడియేటర్ రోజూ ఉంటుంది.

మే నెల ఎండలో, ఏసీ వేసుకుని, భీమడోలు రైల్వే గేటు దగ్గర పావుగంట నిలబడిన కారును ఊహించాలి. ఇంజన్లో పుట్టే వేడిలో మూడో వంతు మాత్రమే చక్రాలకు పోతుంది. మూడో వంతు పొగ గొట్టం నుంచి, మిగతాది చల్లార్చే నీటి ద్వారా బయటికి పోవాలి. లోపల నీరు 80 నుంచి 90 డిగ్రీల మధ్యకు చేరగానే థర్మోస్టాట్ తలుపు తెరుస్తుంది, నీరు రేడియేటర్‌కు పోయి చల్లబడి తిరిగి వస్తుంది. ఈ తిరుగుడులో ఎక్కడ అడ్డు పడినా సూది పైకి లేస్తుంది. కొల్లేటి గట్ల మీద రాత్రిళ్లు తిరిగే బండ్లకు రేడియేటర్ రెక్కల నిండా పురుగులు, కోతల కాలంలో వరిదుమ్ము, మిల్లుల దగ్గర ఊక. ఇవన్నీ బయటి అడ్డంకులు, నీళ్ల పైపుతో మెల్లగా కడిగితే పోతాయి. లోపలిది అంత సులువు కాదు.

కొల్లేటి చుట్టుపక్కల, ఉప్పుటేరు వెంబడి చాలా ఊళ్లలో బోరు నీరు ఉప్పగా ఉంటుంది. వేసవిలో సరస్సు మట్టం పడిపోతే సముద్రపు పోటు ఉప్పుటేరు గుండా వెనక్కి ఎక్కుతుంది. చేపల రైతు ఈ ఉప్పు సంగతి ఎకరం లెక్కన చెబుతాడు. అదే రైతు కారు రేడియేటర్‌లో నీరు తగ్గితే చెరువు గట్టు మీది బోరు నుంచి చెంబుడు పోసేస్తాడు. నీళ్లే కదా అని.

ఆ చెంబులో రెండు విషాలున్నాయి. మొదటిది కాఠిన్యం. వేడి తగిలినచోట కాల్షియం లవణాలు పెంకులా పేరుకుంటాయి, ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా పట్టేది అదే. అల్యూమినియంతో పోలిస్తే ఆ పెంకు వేడిని పదుల రెట్లు తక్కువగా పోనిస్తుంది. నీటికీ లోహానికీ మధ్య దుప్పటి కప్పినట్టే. రెండోది ఉప్పులోని క్లోరైడు. అల్యూమినియం తన మీద తానే ఒక పల్చని ఆక్సైడు పొర కప్పుకుని తుప్పు నుంచి కాపాడుకుంటుంది. క్లోరైడు ఆ పొరకు సూదిమొన రంధ్రాలు పొడుస్తుంది. నేటి ఇంజన్ బ్లాకూ హెడ్డూ రేడియేటర్ అన్నీ అల్యూమినియమే. వెనకటి అంబాసిడర్ బ్లాకు పోత ఇనుము, దాని రేడియేటర్ ఇత్తడి. తాత తన బండికి కాలువ నీళ్లు పోసి నలభై ఏళ్లు నడిపాడన్న మాట నిజమే కావచ్చు, మనవడి బండికి అది వర్తించదు.

‘మన దగ్గర మంచు పడదు కదా, కూలెంట్ ఎందుకు?’ అనే ప్రశ్న ప్రతి షెడ్డులోనూ వినిపిస్తుంది. కూలెంట్‌లో గ్లైకాల్ గడ్డకట్టకుండా కాపాడుతుందన్నది చలిదేశాలకు పనికొచ్చే సగం. గోదావరి జిల్లాలకు పనికొచ్చే సగం వేరే ఉంది. సగానికి సగం కలిపిన కూలెంట్ 107 డిగ్రీల దాకా మరగదు. మూత బిగించిన రేడియేటర్‌లో పీడనం వల్ల ఆ హద్దు ఇంకా పైకి పోతుంది. అన్నిటికంటే మిన్న, అందులో తుప్పును ఆపే మందులు ఉంటాయి. అవి కొన్నేళ్లకు ఖర్చయిపోతాయి, రంగు మాత్రం అలాగే ఉంటుంది. అందుకే రంగు చూసి కాక గడువు చూసి మార్చాలి. దారిలో తప్పక నీరే పోయాల్సి వస్తే బోరు నీటి కంటే బ్యాటరీ నీరు మేలు, తర్వాత వీలైనంత త్వరగా కడిగించి కూలెంట్ నింపాలి. వేడెక్కిన రేడియేటర్ మూత విప్పడమంటే ముఖం కాల్చుకోవడమే. పీడనం తగ్గగానే అప్పటిదాకా మరగని నీరు ఒక్కసారిగా ఆవిరై చిమ్ముతుంది.

సూది ఎరుపులో ఉన్నా ‘ఊరు దగ్గరే’ అని తోలేస్తే తర్వాతి అంకం హెడ్ గ్యాస్కెట్. బ్లాకుకూ హెడ్డుకూ మధ్య కాగితమంత పల్చని లోహపు పొర అది. ఒక పక్క మండే వాయువు, ఒక పక్క నూనె, ఒక పక్క నీరు. మూడింటినీ విడదీసి ఉంచేది అదొక్కటే. అల్యూమినియం హెడ్డు అతిగా వేడెక్కితే వంకర తిరుగుతుంది. ఎంత వంకర అంటే, చాలా ఇంజన్లకు అనుమతించే హద్దు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు అటూ ఇటూ, అంటే తలవెంట్రుక మందం. అంత సందు దొరికితే చాలు, నీరు నూనెలోకి దిగుతుంది. నూనె పుల్ల తీసి చూస్తే పాలు కలిపిన టీ రంగు కనిపిస్తుంది. లేదా మండిన వాయువు నీటిలోకి దూరి రేడియేటర్‌లో బుడగలు లేపుతుంది. హెడ్డు దింపి లేత్ షెడ్డుకు పంపి చెక్కించాల్సిందే.

అయితే నూనె మూత కింద తెల్లటి వెన్న కనిపించగానే గ్యాస్కెట్ పోయిందని బెంగపడిపోనక్కర్లేదు. ఇక్కడే నీటి కథలో విచిత్రమైన మలుపు ఉంది.

పెట్రోలు హైడ్రోజనూ కార్బనూ కలిసిన పదార్థం. మండినప్పుడు ఆ హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీరవుతుంది. లెక్క కడితే ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీరు పుడుతుంది. తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు వెళ్లి వచ్చిన కారు, దారి పొడవునా నాలుగైదు లీటర్ల నీటిని ఆవిరిగా వదిలిపెట్టి వస్తుంది. వేడి సైలెన్సర్ నుంచి అది కనిపించకుండా పోతుంది. డిసెంబరు పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు గొట్టం నుంచి తెల్లని పొగ, చుక్కలు చుక్కలుగా నీరు కారేది ఇదే. రోగం కాదు. పది నిమిషాల తర్వాత కూడా తెల్లపొగ తగ్గకుండా, తియ్యటి వాసనతో వస్తుంటే అప్పుడు గ్యాస్కెట్‌ను అనుమానించాలి.

ఈ పుట్టిన నీటిలో కొంత పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందికి, నూనెలోకి కూడా జారుతుంది. రోజూ నలభై కిలోమీటర్లు తిరిగే కారులో నూనె బాగా కాగి ఆ తేమ ఆవిరైపోతుంది. ఏలూరులో పవర్‌పేట నుంచి వన్‌టౌన్‌కు కూరగాయలకూ బడికీ రెండేసి కిలోమీటర్లు తిరిగే కారులో నూనె ఎప్పుడూ పూర్తిగా వేడెక్కదు. తేమ మూత కింద చేరి నూనెతో చిలికి వెన్నలా తేలుతుంది. అలాంటి కారును వారానికొకసారి అరగంట పాటు హైవే మీద తోలి చూస్తే తేలిపోతుంది. వెన్న పోయి కూలెంట్ మట్టం తగ్గకుండా ఉంటే అది తేమ, వెన్న నిలిచి కూలెంట్ తగ్గుతుంటే గ్యాస్కెట్. తక్కువ తిరిగే కారు నూనెను కిలోమీటర్లను బట్టి కాక నెలలను బట్టి ఎందుకు మార్చాలో ఇందులోనే తెలుస్తుంది.

ట్యాంకులో నీటి సంగతి గత రెండు మూడేళ్లలో అందరి నోళ్లలోకీ వచ్చింది. ఇరవై శాతం ఎథనాల్ కలిపిన పెట్రోలును 2023 ఫిబ్రవరిలో మొదలుపెట్టారు, 2025కల్లా దేశమంతటా బంకుల్లో అదే వచ్చింది. గోదావరి జిల్లాలకు ఆల్కహాల్ కొత్తది కాదు. తణుకులో 1947లో పుట్టిన ఆంధ్రా షుగర్స్, చెరకు మొలాసిస్ నుంచి పారిశ్రామిక ఆల్కహాల్ తీసింది, తర్వాత ఇస్రో రాకెట్లకు ద్రవ ఇంధనం కూడా చేసి పంపింది. ఎథనాల్ గుణదోషాలు రెండూ గట్టివే. లీటరు ఎథనాల్‌లో శక్తి లీటరు పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ, కాబట్టి మైలేజీ తగ్గడం ఊహ కాదు. 2021లో నీతి ఆయోగ్ విడుదల చేసిన ప్రణాళికే, పాత పెట్రోలు కోసం చేసిన కార్లలో ఆరేడు శాతం తగ్గుదల ఉండొచ్చని రాసింది. మరో పక్క ఎథనాల్ ఆక్టేన్ ఎక్కువ, అంటే ఎక్కువగా నొక్కినా అంత తేలికగా ముందుగా పేలదు. 12:1 లాంటి నిష్పత్తులకు అది మిత్రుడే. తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే ఉంది. ఆ యుద్ధంలో కొన్ని విమానాల ఇంజన్లలో టేకాఫ్‌కూ పోరాటానికీ నీరూ ఆల్కహాల్ కలిపి కావాలనే చిమ్మేవారు. ఆవిరయ్యేటప్పుడు అది సిలిండరును చల్లార్చి ముందస్తు పేలుడును ఆపేది. గ్రాముల లెక్కన, తుంపరగా వస్తే నీరు కూడా ఇంజన్‌కు చుట్టమే.

చిక్కంతా ఎథనాల్‌కూ నీటికీ ఉన్న స్నేహంతో. మామూలు పెట్రోలులో నీరు కలవదు, అడుగున విడిగా చేరుతుంది. ఎథనాల్ నీటిని తనలో కలుపుకుంటుంది, ఒక హద్దు దాకా. పది శాతం ఎథనాల్ ఉన్న పెట్రోలు లీటరుకు దాదాపు 5 మిల్లీలీటర్ల నీటిని మోస్తుంది, ఇరవై శాతానిది ఇంకాస్త ఎక్కువ మోస్తుంది. హద్దు దాటితే పాలు విరిగినట్టు విరిగిపోతుంది. ఎథనాల్ పెట్రోలును వదిలేసి నీటితో కలిసి అడుక్కి దిగుతుంది. ఇంధన పంపు నోరు ఉండేది ఆ అడుగునే. గాలిలో తేమ ఒక్కటే మూసిన ట్యాంకును అంత దూరం తీసుకుపోవడం అరుదు. వరద నీరు చేరిన బంకు భూగర్భ ట్యాంకు తీసుకుపోగలదు. అందుకే ముంపు తర్వాత బంకులో డిప్ రాడ్డుకు నీటిని కనిపెట్టే పేస్టు రాసి దింపి చూడమని అడగడం మంచిది. నీరు తగిలితే పేస్టు రంగు మారుతుంది. అమెరికా వెళ్లి ఆరు నెలలకు వచ్చేవాళ్ల కార్లు, సగం ఖాళీ ట్యాంకుతో షెడ్లలో పడి ఉండేవి, ఇంకో తీరు. వాటి పెట్రోలు పాతబడి స్టార్టింగ్ ట్రబుల్ ఇస్తుంది. పాత కార్ల రబ్బరు గొట్టాలు ఎథనాల్‌కు ఉబ్బి పగులుతాయి. 2023 ఏప్రిల్‌కు ముందు కొన్నవాళ్లు ఏటా ఒకసారి వాటిని చూపించుకోవాలి.

మిస్సింగ్‌కు కారణాలు వెతికినా నీరు తగులుతుంది. సర్వీసు షెడ్డులో బానెట్ లేపి ప్రెషర్ గన్‌తో ఇంజన్ కడిగినప్పుడు, సీలు ముదిరిన చోట ప్లగ్గు గుంటలోకి నీళ్లు దిగుతాయి. ఆ సాయంత్రం నుంచే బండి వణుకుతుంది, పికప్ పడిపోతుంది, డ్యాష్‌బోర్డులో ఇంజన్ దీపం వెలుగుతుంది. ఆ దీపం నిలకడగా కాక మిణుకుమిణుకుమంటే మాత్రం తోలడం ఆపాలి. మండని పెట్రోలు పొగ గొట్టంలోకి పోయి క్యాటలిటిక్ కన్వర్టరును కాల్చేస్తోందని దాని అర్థం. కొల్లేటి పల్లెల్లో ఇంకో కారణం కూడా ఉంది: ఎలుకలు. చేలు మునిగినప్పుడు అవి మెరక వెతుక్కుంటూ వస్తాయి. వెచ్చగా పొడిగా ఉన్న ఇంజన్ గది వాటికి లంక లాంటిది. ఒక రాత్రిలో నాలుగు ఇంజెక్టర్ల వైర్లూ కొరికేయగలవు.

వణుకులన్నీ మిస్సింగ్ కావు. నాలుగు సిలిండర్ల ఇంజన్లో రెండు పిస్టన్లు పైకి పోతే రెండు కిందికి వస్తాయి కాబట్టి ఊగులాట సరికి సరి అనిపిస్తుంది. కానీ రాడ్డు కోణం వల్ల పిస్టన్ పై సగంలో వేగంగా, కింది సగంలో నెమ్మదిగా నడుస్తుంది. ఆ తేడా ఇంజన్ వేగానికి రెట్టింపు వేగంతో ఒక సన్నని వణుకుగా మిగులుతుంది. దాన్ని మింగేవి రబ్బరు మౌంటింగులు. అవి ముదిరితే సిగ్నల్ దగ్గర స్టీరింగు గజగజలాడుతుంది, గేరు వేసి కదలగానే తగ్గుతుంది. ఇంజన్ విప్పాలని ఎవరైనా చెప్పే ముందు మౌంటింగు చూపించుకోవడం మంచిది. 2024 మేలో వచ్చిన కొత్త స్విఫ్ట్‌లో ఆ నాలుగో సిలిండరే లేదు, అదే 1197 సీసీని మూడింటికి పంచారు. రాపిడి తగ్గి మైలేజీ పెరిగింది, నడకలో ఆ పాత మెత్తదనం కొంత పోయింది.

వరద తీసిన తర్వాతి వారం, ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చిన కార్లతో షెడ్లు నిండుతాయి. తెలిసిన మెకానిక్ చేసే మొదటి పని బ్యాటరీ వైరు పీకేయడం. తర్వాత నూనె పుల్ల, ఎయిర్ ఫిల్టరు. ఫిల్టరు తడిసి ఉంటే నాలుగు ప్లగ్గులూ విప్పుతాడు, క్రాంక్ పుల్లీకి పానా వేసి చేత్తో మెల్లగా తిప్పుతాడు. నీళ్లున్న సిలిండరు ప్లగ్గు గుంటలోంచి నీరు పైకి ఉబికి వస్తుంది. నూనె, ఫిల్టర్లు, కూలెంట్ మార్చి, సిలిండర్లలో చెంచాడు నూనె పోసి, అప్పుడు స్టార్టర్‌తో తిప్పి ఒక్కోదానికి కంప్రెషన్ గేజీ పెడతాడు. నాలుగు అంకెలూ ఒకదానికొకటి చదరపు సెంటీమీటరుకు ఒక కిలో తేడాలో ఉంటే ఊపిరి పీల్చుకోవచ్చు. మూడు పన్నెండు దాటి, నాలుగోది తొమ్మిది దగ్గర ఆగితే అనుమానం రాడ్డు మీదికి పోతుంది. రాడ్డు వంగి రెండు మిల్లీమీటర్లు పొట్టిదైతే పిస్టన్ అంత కిందే ఆగుతుంది, 27 మిల్లీలీటర్ల చోటు 35 దాటుతుంది, 12:1 కాస్తా 9.4:1కి పడిపోతుంది. ఇంజన్ స్టార్ట్ అవుతుంది, నడుస్తుంది కూడా. కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత ఏదో ఒక రోజు ఆ వంగిన రాడ్డు హైవే మీద విరుగుతుంది. అందుకే అతను గేజీ పక్కన పెట్టి ప్లగ్గు గుంటలోంచి సన్నని పుల్ల ఒకటి దింపుతాడు. పిస్టన్‌ను పై చివరికి తెచ్చి పుల్ల మీద గీత పెట్టుకుంటాడు, మిగిలిన మూడింటిలోనూ అదే పుల్ల దింపి గీతలు ఒకచోట కలుస్తున్నాయో లేదో చూస్తాడు.